దాళ్వా నారుమడిలో చలి: జన్యువులు ఎంతవరకు ఆదుకుంటాయి?

డిసెంబరు మూడో వారం. తెల్లవారినా మంచు ఇంకా విడవదు. నారుమడి మీద వెదురు బద్దలు వంచి, వాటి పైన యూరియా బస్తాలు విప్పి కుట్టిన పట్టా కప్పి ఉంటుంది. ఎండ పొడ తగలగానే ఆ పట్టా తీస్తారు. లోపల నారు బతికే ఉంటుంది కానీ వారం కిందట ఎంత ఉందో అంతే ఉంటుంది. రెండో ఆకు దగ్గర ఆగిపోయి, ఆకు కొసలు పసుపు తిరుగుతాయి. ఒక మొక్క పీకి చూస్తే వేళ్లు తెల్లగా సాగకుండా పొట్టిగా, గోధుమ రంగులో కనబడతాయి. సార్వాలో (ఖరీఫ్‌లో) మూడు, నాలుగు వారాలకే ఊడ్పుకు వచ్చే నారుకు దాళ్వాలో (రబీలో) ఐదు వారాలు పట్టడం గోదావరి డెల్టాలో ఏటా చూసేదే.

గత ముప్పై ఏళ్లలో మొక్క చలిని ఎలా పసిగడుతుంది, ఎలా తట్టుకుంటుంది అన్నది శాస్త్రవేత్తలకు చాలావరకు అర్థమైంది. దానికి సంబంధించిన జన్యువులను గుర్తించారు, మార్చి చూశారు, ల్యాబుల్లో చలిని తట్టుకునే మొక్కలు పెంచారు. ఆ పరిజ్ఞానం పెనుమంట్ర దగ్గరో, రామచంద్రపురం దగ్గరో ఉన్న నారుమడికి పనికొస్తుందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు దొరకాలంటే ముందు ఇక్కడి చలి ఎలాంటిదో చూడాలి.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా బతుకంతా కాలువ నీటి తేదీల చుట్టూ అల్లుకుంది. దాళ్వాకు రెండు వైపులా హద్దులున్నాయి. ఒకవైపు సార్వా కోత. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను పడితే చేలు పడిపోతాయి, కోత వెనక్కి జరుగుతుంది, దాంతోపాటు దాళ్వా నారు పోసే రోజూ జరుగుతుంది. రెండోవైపు కాలువలు కట్టేసే రోజు. గోదావరిలో సహజ ప్రవాహం తగ్గి, సీలేరు నుంచి వచ్చే నీటి మీద ఆధారపడే కాలమది. నీళ్లు వంతులవారీగా ఇస్తారు. మార్చి నెలాఖరుకో, ఏప్రిల్ మొదటి పక్షానికో కాలువలు ఆగిపోతాయి. ఈ రెండు హద్దుల మధ్య 120 రోజుల పంట పట్టాలి.

నారు చలికి పది రోజులు ఆగిపోతే ఆ పది రోజులూ పంట చివర్లో తేలతాయి. ఈనిక, అంటే వెన్ను బయటకు రావడం, ఏప్రిల్ ఎండల్లో పడుతుంది. పూత వేళ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని తాలు పెరుగుతుంది. పైగా శివారు భూములకు అప్పటికి నీటి ఎద్దడి మొదలవుతుంది. డిసెంబరు చలి చేసిన నష్టం ఇలా ఏప్రిల్‌లో కోతకు ముందు బయటపడుతుంది. అప్పుడు ఎవరూ దాన్ని చలి ఖాతాలో రాయరు.

మరి ఇక్కడ చలి ఎంత? డెల్టాలో గడ్డకట్టే చలి ఉండదు. లంబసింగిలో, పాడేరులో ఆకుల మీద మంచు పేరుకునే రోజుల్లో కూడా డెల్టాలో రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల మధ్యే తిరుగుతుంది. మనిషికి అది ఒక దుప్పటితో పోయే చలి. వరికి మాత్రం అది ఇబ్బంది మొదలయ్యే చోటు. వరి గింజ మొలకెత్తడానికి కనీసం 10 డిగ్రీలు చాలు, కానీ వేరు పట్టడానికి దాదాపు 16 కావాలి. పొట్ట దశలో పుప్పొడి తయారయ్యేటప్పుడు రాత్రి వేడి 15 నుంచి 20 మధ్యకు పడితే గింజ తాలు పోయే ప్రమాదం ఉంటుంది. డెల్టా చలి నారును చంపేంతది కాదు, పెరుగుదలను ఆపేంతది. శాస్త్రంలో గడ్డకట్టే చలిని తట్టుకోవడం వేరు, గడ్డకట్టని చలిని తట్టుకోవడం వేరు. పత్రికల్లో ఈ రెండింటినీ కలిపేసి రాయడం వల్లే జన్యు పరిశోధనల మీద లేనిపోని ఆశలు, లేనిపోని భయాలు రెండూ పెరిగాయి.

మొక్క లోపల జరిగేది అర్థం కావడానికి కోనసీమ ఇంట్లో ఉండే కొబ్బరినూనె సీసా చాలు. శీతాకాలం పొద్దున్నే అది తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. పక్కనే ఉన్న నువ్వులనూనె మామూలుగానే ఉంటుంది. కొబ్బరినూనెలో సంతృప్త కొవ్వులు ఎక్కువ. వాటి గొలుసులు తిన్నగా ఉండి, కొద్దిపాటి చలికే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నువ్వులనూనెలో అసంతృప్త కొవ్వులు ఎక్కువ. వాటి గొలుసుల్లో వంపులుంటాయి కాబట్టి అంత తేలిగ్గా అతుక్కోవు. మొక్కలోని ప్రతి కణం చుట్టూ ఉండే పొర కూడా కొవ్వుతో తయారైనదే. చలికి ఆ పొర బిగుసుకుంటే అందులో ఇమిడి ఉన్న ప్రోటీన్లు కదలలేవు. నీరు, పోషకాలు లోపలికి రావడం మందగిస్తుంది. చల్లటి మడిలో జింకు వేసినా నారు జింకు లోపంతో తుప్పు మచ్చలు చూపడానికి ఇదొక కారణం. నేలలో ఉన్నదాన్ని కూడా వేరు తీసుకోలేకపోతుంది. అందుకే నారు మీద లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేయమంటారు, వేరు చేయలేని పనిని ఆకు చేస్తుందని.

రెండో దెబ్బ పొద్దున్నే పడుతుంది. రాత్రంతా చల్లబడిన ఆకు మీద ఒక్కసారిగా ఎండ పడితే పత్రహరితం వెలుతురును పట్టుకుంటూనే ఉంటుంది, కానీ ఆ శక్తిని వాడుకోవాల్సిన ఎంజైములు ఇంకా నిద్ర లేవవు. మిగిలిపోయిన శక్తి ఆక్సిజన్‌ను హానికరమైన రూపాల్లోకి మార్చి ఆకునే కాల్చేస్తుంది. ఆకు కొసల పసుపు వెనక ఈ కథ ఉంది.

పొర సంగతి తెలిశాక శాస్త్రవేత్తలు మొదట దాని మీదే చెయ్యి వేశారు. 1992లో జపాన్‌కు చెందిన నోరియో మురాటా బృందం పొగాకు మొక్కలో పొర కొవ్వు తయారీకి సంబంధించిన ఒక జన్యువును మార్చింది. గుమ్మడి జాతి మొక్క నుంచి తెచ్చిన జన్యువు పెట్టిన పొగాకు చలికి మరింత సున్నితమైంది. చలిని ఓర్చుకునే ఆవజాతి మొక్క అరబిడాప్సిస్ నుంచి తెచ్చి పెట్టినది చలిని కొంత తట్టుకుంది. కొవ్వు గొలుసుల్లో వంపులకూ చలి ఓర్పుకూ ఉన్న సంబంధం అలా ప్రయోగంలో రుజువైంది.

జనానికి బాగా తెలిసిన కథలు మాత్రం వేరేవి. 1987లో కాలిఫోర్నియాలో స్ట్రాబెరీ, బంగాళదుంప తోటల మీద జన్యుమార్పు చేసిన ఒక బ్యాక్టీరియాను చల్లారు. ఆకు మీద మంచు స్ఫటికాలు ఏర్పడటానికి సాయపడే ప్రోటీన్‌ను దాని నుంచి తీసేశారు. ఆ తర్వాత చల్లటి సముద్రాల్లో బతికే ఒక చేప నుంచి గడ్డకట్టనివ్వని ప్రోటీన్ జన్యువు తీసి టమాటాలో పెట్టారు. ఆ టమాటా ఎప్పుడూ మార్కెట్‌కు రాలేదు, అయినా ‘చేప టమాటా’ అన్న మాట ఇప్పటికీ జన్యుమార్పిడి చర్చల్లో తిరుగుతూనే ఉంది. ఈ రెండూ ఆకు మీదో, ఆకు లోపలో నీరు గడ్డకట్టకుండా చూసే ప్రయత్నాలు. నీరు ఎప్పుడూ గడ్డకట్టని డెల్టాకు వీటితో పని లేదు.

పనికొచ్చే దారి ఇంకొకటి. చలి తగలగానే మొక్కలో వందల జన్యువులు ఒకేసారి మేలుకుంటాయి. ఒక్కోదాన్ని విడిగా మార్చడం కంటే వాటన్నిటినీ నడిపే మేస్త్రీని పట్టుకుంటే మేలు కదా అన్న ఆలోచనతో అమెరికాలో మైకేల్ థామషో బృందం, జపాన్‌లో షినోజాకి దంపతుల బృందం 1990ల్లో పనిచేశాయి. ఇద్దరూ దాదాపు ఒకే జన్యు కుటుంబానికి చేరుకున్నారు. అమెరికా వాళ్లు సీబీఎఫ్ అన్నారు, జపాన్ వాళ్లు డ్రెబ్ అన్నారు. 1998లో అరబిడాప్సిస్‌లో ఈ మేస్త్రీ జన్యువును ఎప్పుడూ పనిచేసేలా మార్చి చూస్తే, ముందుగా చలికి అలవాటు పడకుండానే ఆ మొక్కలు గడ్డకట్టే చలిని తట్టుకున్నాయి.

అయితే ఎప్పుడూ చలి భయంతో బతికే మొక్క పెరగదు. డ్రెబ్ ఎప్పుడూ పనిచేస్తున్న మొక్కలు గిడసబారిపోయాయి, పూత ఆలస్యమైంది. 1999లో జపాన్ బృందం దీనికి ఉపాయం కనిపెట్టింది. ఒత్తిడి తగిలినప్పుడు మాత్రమే పనిచేసే స్విచ్‌ను ఆ జన్యువు ముందు అమర్చింది. పెరుగుదల చాలావరకు తిరిగొచ్చింది. డెల్టా రైతు ఈ ప్రయోగాన్ని గుర్తుపెట్టుకోవాలి. చలిని బాగా తట్టుకుని, బదులుగా పంటకాలాన్ని వారం పెంచే వంగడం దాళ్వాకు అక్కర్లేదు. ఇక్కడి ఇబ్బందే రోజుల ఇబ్బంది. చలి ఓర్పు కోసం రోజులు ఇచ్చుకుంటే నష్టం అక్కడే ఉండిపోతుంది.

వరిలోనూ సీబీఎఫ్ జాతి జన్యువులు ఉన్నాయి, కానీ వరికి గోధుమలా చలికి గట్టిపడే గుణం లేదు. అందువల్ల వరి పరిశోధకులు వరి లోపలే వెతకడం మొదలుపెట్టారు. జపాన్, ఉత్తర చైనాల్లో పండే జపోనికా వరి మన ఇండికా వరి కంటే చలిని బాగా ఓర్చుకుంటుంది. ఎందుకు? బీజింగ్‌లో కాంగ్ చోంగ్ బృందం 2015లో దీనికి ఒక జవాబు ప్రచురించింది. కోల్డ్1 అని పేరు పెట్టిన జన్యువు తయారుచేసే ప్రోటీన్ కణం పొరలో ఉండి చలిని పసిగడుతుంది. పసిగట్టగానే కణంలోకి కాల్షియం వచ్చేలా చేసి, హెచ్చరిక పంపుతుంది. జపోనికాకూ ఇండికాకూ ఆ జన్యువులో ముఖ్యమైన తేడా ఒకే ఒక్క డీఎన్‌ఏ అక్షరం. చైనాలోని అడవి వరి నుంచి వచ్చిన ఆ అక్షరాన్ని, చల్లటి ప్రాంతాల రైతులు వేల ఏళ్లుగా మంచి వెన్నులు ఏరి విత్తనం కట్టుకుంటూ తమకు తెలియకుండానే నిలబెట్టుకొచ్చారు.

ఇంకో దారి, ఉన్నదాన్ని తీసేయడం. వరిలో మిబ్30 అనే జన్యువు చలివేళ పిండిపదార్థాన్ని కరిగించి చక్కెర చేసే ఎంజైములను అణచిపెడుతుంది. ఆ చక్కెర పొరలను కాపాడుతుంది కాబట్టి, అణచిపెట్టేదాన్ని పనిచేయకుండా చేస్తే చలి ఓర్పు పెరుగుతుంది. 2020లో చైనా పరిశోధకులు క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో ఈ జన్యువునూ, వెన్ను పొడవుకూ గింజ సైజుకూ సంబంధించిన మరో రెండింటినీ ఒకేసారి కత్తిరించి, దిగుబడీ చలి ఓర్పూ కలిసి పెరిగిన మొక్కలు తీశారు. అయితే వాళ్లు వాడింది జపాన్ రకం వరి. ఆ కత్తిరింపు డెల్టాలో దాళ్వాకు వేసే లావు గింజ రకం బొండాల్లో ఎలా పనిచేస్తుందో బొండాల్లో చేసి చూస్తేనే తెలుస్తుంది.

పొట్ట దశలో చలి సంగతి విడిగా చెప్పుకోవాలి. జపాన్‌లో 1993 వేసవి చల్లగా గడిచి, వరి పంట మామూలు ఏడాదితో పోలిస్తే 74 శాతానికి పడిపోయింది. బియ్యం విషయంలో ఎంతో పట్టుదలగా ఉండే దేశం విదేశాల నుంచి బియ్యం తెప్పించుకుంది. హొక్కైడోలో రైతులు పొట్ట దశలో మడిలో 20 సెంటీమీటర్ల దాకా నీరు నిలబెడతారు. గాలి చల్లబడినంత తొందరగా నీరు చల్లబడదు కనుక లోపలున్న లేత వెన్నుకు ఆ నీరే దుప్పటి. అక్కడి చలి ఓర్పు జన్యువుల్లో ఒకటి ఇండోనేషియా కొండ ప్రాంతపు పాత రకం నుంచి సంకరం ద్వారా వచ్చింది. డెల్టా దాళ్వాలో పొట్ట దశ ఫిబ్రవరి, మార్చి నెలల్లో, వాతావరణం వేడెక్కాక వస్తుంది కాబట్టి ఈ బాధ తక్కువ. సార్వా ఊడ్పులు బాగా ఆలస్యమై, ఈనిక నవంబరు చివరికి జారిన చేలకే దీని భయం.

డెల్టాకు అచ్చంగా సంబంధించిన సంగతి ఇప్పుడు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1925లో మొదలైంది. అక్కడ తయారైన రకాల మీదే రెండుసార్లు దేశం దృష్టి పెట్టింది. మొదటిది స్వర్ణ, ఎంటీయూ 7029, 1982లో విడుదలైంది. వరదను తట్టుకునే సబ్1 జన్యువును ఒడిశా నాటు రకం ఒకదాని నుంచి సంకరం ద్వారానే, డీఎన్‌ఏ గుర్తుల సాయంతో ఏరుకుంటూ స్వర్ణలోకి తెచ్చారు. స్వర్ణ సబ్1 2009లో మన దేశంలో విడుదలైంది. అది జన్యుమార్పిడి పంట కాదు. రెండోది 2000లో వచ్చిన ఎంటీయూ 1010, కాటన్ దొర సన్నాలు. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి రకాల్లో పూసా డీఎస్‌టీ రైస్ 1కు మూలం ఇదే. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కాటన్ దొర సన్నాల్లో డీఎస్‌టీ అనే జన్యువును సవరించి, నీటి ఎద్దడినీ ఉప్పునూ తట్టుకునేలా చేశామని ప్రకటించారు. తీరప్రాంత ఉప్పు నేలల్లో 30 శాతం దాకా అదనపు దిగుబడి వస్తుందని కేంద్రం చెప్పింది. ఆ లెక్కల మీద అభ్యంతరాలూ వచ్చాయి. అంతర్వేది, కాట్రేనికోన వైపు ఉప్పునీరు ఎక్కే పొలాల్లో బహిరంగంగా వేసి చూపితే ఆ వాదన అక్కడే తేలుతుంది.

ఈ రెండు ఉదాహరణల్లో పద్ధతి ఒకటే. రైతు నమ్మిన రకాన్ని అలాగే ఉంచి, అందులో ఒక్క గుణం మార్చారు. చలి విషయంలోనూ వెళ్లాల్సిన దారి ఇదే. మిల్లరు కొనే గింజ, పడిపోని కాండం, దోమపోటును ఓర్చుకునే గుణం ఉన్న రకంలో నారు దశ చలి ఓర్పు ఒక్కటీ చేర్చాలి. వీటిలో ఏది పోయినా ఆ విత్తనం రెండో ఏడాది ఎవరూ అడగరు. తెలంగాణలో యాసంగికి చలి ఓర్చుకునే రకంగా పేరున్న తెల్లహంస లాంటివి మన చేతిలోనే ఉన్నాయి. వాటిలోని జన్యువులను గుర్తించి సంకరం ద్వారా తెచ్చుకోవడానికి ఏ అనుమతి గొడవా లేదు. సంకరంతో పని జరిగే చోట కత్తెర పట్టనక్కర్లేదు.

చట్టం కూడా ఈ తేడాలను బట్టే నడుస్తుంది. వేరే జీవి జన్యువు పెట్టిన పంటకు కేంద్ర జన్యు సాంకేతిక మదింపు కమిటీ అనుమతి కావాలి. 2002లో బీటీ పత్తికి ఆ అనుమతి వచ్చింది. బీటీ వంకాయ 2010 ఫిబ్రవరిలో ఆగిపోయింది. 2022 మార్చిలో కేంద్రం, బయటి డీఎన్‌ఏ మిగలని జన్యు సవరణ పంటలను ఆ కఠిన నియమాల నుంచి మినహాయించింది. మిబ్30ని కత్తిరించినా, కోల్డ్1లో ఒక అక్షరం మార్చినా ఈ మినహాయింపు కిందకే వచ్చే అవకాశం ఉంది. దారి తేలికైంది కదా అని పరీక్షలు తేలిక కాకూడదు. క్రిస్పర్ పరికరం మీద విదేశీ పేటెంట్లున్నాయి. తన పంట నుంచి విత్తనం దాచుకునే హక్కు 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం రైతుకు ఇచ్చింది. కొత్త రకం ఏది వచ్చినా ఆ హక్కు చెక్కుచెదరదని ప్రభుత్వం విడుదలకు ముందే రాతపూర్వకంగా చెప్పాలి.

ఇంకో కోణం ఉంది, దాని మీద చర్చ తక్కువ. చలిని తట్టుకోవడం కంటే చలిని తప్పించుకోవడం చవక. స్వర్ణ పంటకాలం దాదాపు 150 రోజులు. అందువల్లే సార్వా నవంబరు దాకా చేలో ఉంటుంది, దాళ్వా నారు డిసెంబరు చలిలో పడుతుంది. 2025లో ప్రకటించిన రెండో రకం, రాజేంద్రనగర్ వరి సంస్థ సాంబ మసూరి నుంచి తీసిన కమల, మూల రకం కంటే 20 రోజులు ముందు కోతకు వస్తుందన్నారు. అలాంటి మార్పు సార్వా రకంలో వస్తే దాళ్వా నారు నవంబరు వెచ్చదనంలో పోసుకోవచ్చు. చలి సమస్యకు మందు సార్వా విత్తనంలో దొరకొచ్చన్న మాట. దీనికీ ఒక చిక్కుంది. కోత అక్టోబరులోకి జరిగితే చేను ఆ నెల వానల్లో, తుపాన్లలో చిక్కుకుంటుంది. మురుగు కాలువలు పూడిపోయి ఉన్న కోనసీమలో ఆ ప్రమాదం చిన్నది కాదు. 2011లో అక్కడి రైతులు పంట విరామం ప్రకటించడానికి చెప్పిన కారణాల్లో ముంపు కూడా ఉంది. పూడిక తీయని డ్రెయిను పని ఏ జన్యువూ చేయలేదు.

అప్పటిదాకా నారుమడిలో చేసే పనులే ఆధారం. మొలక కోసం మండె కట్టేటప్పుడు విత్తనాన్ని గోరువెచ్చటి నీటిలో నానబెట్టి, గోనెసంచులు, వరిగడ్డి బాగా కప్పి వేడి నిలపడం. పొద్దున్నే మడిలోని చల్లనీరు తీసేసి కొత్తనీరు పెట్టడం. రాత్రి పట్టా కప్పి పొద్దున తీయడం. ముదిరిన నారు ఊడ్చాల్సి వస్తే కుదుళ్లు దగ్గర చేసి, కుదురుకు మొక్కలు పెంచడం, ఎందుకంటే ముదురు నారుకు పిలకలు తక్కువ. వెదజల్లే పద్ధతిలో, డ్రమ్ సీడరుతో వేసే పొలాలకు పట్టా కప్పే వీలే లేదు. కూలీల ఖర్చు భరించలేక ఆ పద్ధతికి మారిన రైతులు పెరిగేకొద్దీ చలి ఓర్పు విత్తనంలోనే ఉండాల్సిన అవసరమూ పెరుగుతోంది.

ల్యాబులో గాజు గది చలి రోజంతా ఒకేలా ఉంటుంది. డెల్టాలో రాత్రి 16, మధ్యాహ్నం 29. ల్యాబులో నాలుగు డిగ్రీల్లో వారం బతికిన మొక్క ఇక్కడ పది రోజులు ముందు ఊడ్పుకు వస్తుందన్న హామీ ఏమీ లేదు. సవరించిన బొండాలు, మామూలు బొండాలు ఒకే చెరువుగట్టు కింద, ఒకే బోదె నీటితో, డిసెంబరు మూడో వారంలో పక్కపక్క మడుల్లో పోయాలి. నాలుగో ఆకు ఎప్పుడు వచ్చిందో, ఊడ్చాక వేరు ఎన్నాళ్లకు పట్టిందో, వెన్ను ఏ తేదీన బయటకు వచ్చిందో రాసుకోవాలి. ఏప్రిల్‌లో ఒక్కో మడి నుంచి వంద వెన్నులు కోసి తాలు గింజలు లెక్కపెట్టాలి. మార్టేరులో ఒక మడి, శివారు పొలంలో ఒక మడి, వెదజల్లిన చేలో ఒక మడి. వరసగా మూడు దాళ్వాలు.